ఏడు సెకన్లు

సుయ్ గుయ్‌ఫెన్ మా కొట్టుకొచ్చింది
భుజాల మీది మంచు దులుపుకోకుండానే.
"మాట్లాడితే అందరికీ వినబడే ఫోను కావాలి."
అన్ని ఫోన్లూ అంతేనమ్మా, అన్నాను.
"ఒక్కరికి కాదబ్బాయ్. అందరికీ."

హెగాంగ్‌లో ఆ గొంతు ఎరగని చెవి లేదు.
నాలుగో నంబరు గని లౌడ్‌స్పీకర్లలోంచి
ఇరవై రెండేళ్లు, వేకువన ఐదింటికి,
వీధులన్నిటి దుప్పట్లూ లాగేసిన గొంతు.
షిఫ్టు పేర్లు, సొరంగంలో గాలి లెక్క,
ఎవరిదో పోయిన చేతితొడుగు, ఎడమది,
ఎవరికో పుట్టిన ఆడపిల్ల, మూడు కిలోల రెండొందలు.
వద్దన్నా వినాల్సిందే.
కిటికీ మూస్తే గోడలోంచి వచ్చేది.
మా నాన్న తిట్టుకుంటూనే బూట్లు తొడుక్కునేవాడు.

గని మూసేశాక
స్తంభాల మీది బాకాల్లో పిచ్చుకలు కాపురం పెట్టాయి.
బజార్లో ఆమె ముల్లంగి ధర అడిగినా
నలుగురు ఉలిక్కిపడి తిరిగి చూసేవాళ్లు,
పనికి ఆలస్యమైపోయినట్టు.

మూల పగిలిన పాత ఫోనొకటి ఇచ్చాను,
గుండ్రటి దీపమొకటి, అప్పు మీద.
ఈ ఎర్ర చుక్క వెలిగిందంటే మీరు లైవ్‌లో ఉన్నట్టు.
"ఈ అంకె?"
చూసేవాళ్ల లెక్క.
"ఒకటి అనుందే, ఎవరు?"
నేనేనమ్మా. ఇదిగో, నా ఫోన్లోంచి.

మొదట్లో ఆమె వాతావరణం చెప్పింది:
మైనస్ ఇరవై తొమ్మిది, ఉత్తరపు గాలి.
పులియబెట్టిన క్యాబేజీ జాడీ మూత తీసి చూపించింది.
పక్క తెరల్లో
ఒకడు గిన్నెడు మిరపకాయలు నములుతూ ఏడుస్తున్నాడు,
ఒకడు గురకపెట్టి డబ్బు సంపాదిస్తున్నాడు,
ఒకమ్మాయి నవ్వు జారనీకుండా
ముప్ఫై రంగుల లిప్‌స్టిక్ అమ్ముతోంది.
బొటనవేలితో పైకి తోస్తే ఎంతటి మనిషైనా మాయం.
"ఇదేం వినడంరా!" అంది గుయ్‌ఫెన్,
"గడపలో ఒక కాలు పెట్టి పోతారు."
మూడు. ఒకటి. రెండు. ఒకటి.
ఆ ఒకటి నేనని ఆమెకు తెలుసు,
నాకు నిద్ర ముంచుకొస్తోందనీ తెలుసు.

పదకొండో రాత్రి
ఒడిలోంచి మసి అట్ట పుస్తకం తీసింది.
ఎందుకో చెప్పలేదు. గొంతు సవరించుకుంది.

"మూడో షిఫ్టు. ఉత్తర సొరంగం.
లువాన్ దెహాయ్.
గెంగ్ యోంగ్‌చాంగ్.
మియావ్ చిన్నోడు, అసలు పేరు రాసుకోలేదు."

పేరు పేరుకీ ఆగింది,
కింద నుంచి "హాజరు" అనే కేక కోసం
అప్పట్లో ఆగినట్టే.
మాట చేరడానికి ఏడు సెకన్లు పడుతుందని ముందే చెప్పాను.
"గనిలో ఇంకా ఎక్కువే పట్టేది," అంది.

తెర అడుగున అక్షరాలు లేచాయి.
హాజరు.
దక్షిణాన, గువాంగ్‌జౌలో, ఏదో కాపలా గదిలోంచి.
గెంగ్ యోంగ్‌చాంగ్ రెండో కూతుర్ని. ఆయన లేరు. రాసుకోండి.
మియావ్ చిన్నోడి పేరు ఫూషెంగ్. ఇప్పుడు చిన్నోణ్ణి కాను, తొంభై కిలోలు.
అంకె నలభై అయింది. రెండొందల ఆరు అయింది.
ఎవరో రాకెట్ బొమ్మ కానుకగా పంపారు,
తెరంతా నిప్పురవ్వలు.
గుయ్‌ఫెన్ కుర్చీలోంచి లేచి అరిచింది:
"మంట! గ్యాసు చూసుకోండి! అందరూ బయటికి!"

నవ్వినవాళ్లు చాలామంది.
ఉత్తర సొరంగం వాళ్లెవరూ నవ్వలేదు.

కూర్చుంది. పేజీ తిప్పింది.
"యిన్ బావోకుయ్."
అది మా నాన్న.
నా వేలు అక్షరాల మీద నిలబడిపోయింది.

కొట్టు వెనక గదిలో మంచం కిర్రుమంది.
"ఐదయిందా?"
కళ్లు తెరవలేదు. కాళ్లు మాత్రం కిందికి దిగి
చీకట్లో బూట్ల కోసం తడుముకుంటున్నాయి.

ఏడు సెకన్లు ఎప్పుడో దాటాయి.
ఆమె ఇంకా తర్వాతి పేరు చదవలేదు.